ఇంజిన్ బాగుంది, మైలేజీ లేదు: రాయగడలో ఒక కొత్త కారు కేసు

ఒడిశాలోని రాయగడలో అన్ని కంపెనీల కార్లూ చూసే మా షెడ్డుకు మైలేజీ ఫిర్యాదుతో వచ్చేవి సాధారణంగా పాత బండ్లు. ఈ కేసులోని కారు మాత్రం కొని ఏడాది కూడా కాలేదు. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, మాన్యువల్ గేర్లు ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ అది. యజమాని ఇక్కడే స్థిరపడిన తెలుగువారు, బడిలో మాస్టారు. అత్తవారి ఊరు పార్వతీపురం కాబట్టి సరిహద్దు దాటి తరచూ అటు వెళ్లివస్తారు; శిక్షణ తరగతుల పని మీద ఈమధ్య కోరాపుట్ వైపు కూడా తిరుగుతున్నారు. మొదట్లో రోడ్డు మీద లీటరుకు 18 కిలోమీటర్ల దాకా ఇచ్చిన బండి ఉన్నట్టుండి 13కు దిగిపోయిందని, కొన్న చోట చూపిస్తే లోపమేమీ లేదని, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వల్ల అలాగే ఉంటుందని చెప్పి పంపేశారని ఆయన ఫిర్యాదు. ‘మేస్త్రీ గారూ, లీటరుకు అయిదు కిలోమీటర్లు ఒక్కసారిగా ఎక్కడికి పోతాయండీ?’ అన్నది ఆయన ప్రశ్న.

మైలేజీ ఫిర్యాదులో ముందుగా తేల్చవలసింది, అసలు పడిపోవడం జరిగిందా లేదా అన్నది. చాలామంది పది లీటర్లు పోయించి, ముల్లు మళ్లీ అదే గీత దగ్గరికి వచ్చేదాకా ఎంత దూరం నడిచిందో చూసి లెక్క కడతారు. ఆ పద్ధతిలో ఒక లీటరు అటో ఇటో తేడా రావడం మామూలే. పది లీటర్లలో ఒక లీటరు తేడా వస్తే, నిజంగా 18 ఇచ్చే బండి ఒకసారి 16.4, మరోసారి 20 ఇచ్చినట్టు కనిపిస్తుంది. అదే ట్యాంకు నిండుగా కొట్టించి, దాదాపు ఖాళీ అయ్యాక మళ్లీ అదే బంకులో, అదే గన్నుతో, అది తనంతట తాను ఆగిపోయేదాకా నింపిస్తే, 35 లీటర్ల మీద ఒక లీటరు పొరపాటు జరిగినా లెక్క 17.5కూ 18.5కూ మధ్యలోనే ఉంటుంది. మాస్టారి అదృష్టం, మా అదృష్టం కూడా, ఆయన బండి కొన్న రోజు నుంచి ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ, మీటరు రీడింగు, పోయించిన లీటర్లు, బంకు పేరు రాసుకుంటూ వస్తున్నారు. పార్వతీపురం వెళ్లిన ప్రతిసారీ ట్రిప్పు మీటరును సున్నాకు తిప్పి, డాష్‌బోర్డులో కనిపించే సగటును కూడా పక్కన వేసుకున్నారు. డాష్‌బోర్డు అంకె ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయన్న లెక్క మీద వచ్చేది. అది నిజానికి కొంచెం ఎక్కువే చూపిస్తుంది గాని, అదే బండిలో నిన్నటికీ నేటికీ తేడా చూడడానికి బాగా పనికొస్తుంది. ఇక్కడ ట్యాంకు లెక్కా, డాష్‌బోర్డు లెక్కా రెండూ ఒకే సమయంలో పడ్డాయి. కాబట్టి ఫిర్యాదు నిజమే.

ఆ పుస్తకంలో నన్ను ఆపినది వేరొక విషయం. ఊళ్లో తిరిగిన ట్యాంకులు మునుపు 14 ఇచ్చేవి, ఇప్పుడు కూడా 13న్నర దాకా ఇస్తున్నాయి. పడిపోయినదంతా పొడవైన ప్రయాణాల్లోనే. ఆరోగ్యంగా ఉన్న ఏ కారైనా ఊళ్లో కంటే రోడ్డు మీద ఎక్కువ ఇవ్వాలి. ఇంధనంలో కల్తీ ఉన్నా, ఇథనాల్ పాలు పెరిగినా, సెన్సరు తప్పు చెబుతున్నా ఆ నష్టం ఊళ్లోనూ రోడ్డు మీదా రెండు చోట్లా కనిపించాలి. రోడ్డెక్కాక మాత్రమే కనిపించే నష్టం అంటే, కొంతదూరం నడిచాక మొదలయ్యేది ఏదో ఉందన్నమాట. అయితే అనుమానం ఒక వైపు మొగ్గినంత మాత్రాన మిగిలినవి వదిలేయలేము. ఒక్కొక్కటిగా తీసేస్తూ రావాలి.

ముందు కోరాపుట్ దారి సంగతి. రాయగడ సముద్ర మట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తున ఉంటే, కోరాపుట్ 870 మీటర్ల చిల్లర ఎత్తున ఉంది. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువును 660 మీటర్లు పైకి మోయడానికి పట్టే శక్తి సుమారు 78 లక్షల జౌళ్లు. లీటరు పెట్రోలులో ఉన్న శక్తిలో ఇంజిన్ చక్రాలకు అందించగలిగేది పావు వంతుకు కాస్త ఎక్కువ, అంటే 80 నుంచి 90 లక్షల జౌళ్లు. అంటే ఘాటీ ఎక్కడానికే మామూలు ఖర్చు మీద అదనంగా లీటరుకు కాస్త తక్కువ పోతుంది. లక్ష్మీపూర్ మీదుగా వంద కిలోమీటర్లు దాటిన ఆ ప్రయాణంలో 18 ఇచ్చే బండి ఎక్కేటప్పుడు 16 లోపు ఇస్తే దాన్ని తప్పుపట్టలేము. తిరుగు ప్రయాణంలో గేరులోనే దింపుకుంటూ వస్తే యాక్సిలరేటర్ వదిలినంతసేపు ఇంజెక్టర్లు పెట్రోలు పోయడం మానేస్తాయి కాబట్టి పోయినదానిలో కొంత తిరిగి వస్తుంది. న్యూట్రల్‌లో దింపేవారికి అదీ దక్కదు, పైగా బ్రేకుల మీద భారం పడుతుంది. ఈ లెక్కతో కోరాపుట్ ట్యాంకులు ఎందుకు తగ్గాయో కొంత తేలింది గాని, పార్వతీపురం ట్యాంకులకు ఇది వర్తించదు. ఆ దారిలో అంత ఎక్కుడు లేదు, కూనేరు దగ్గర సరిహద్దు దాటే ఆ రోడ్డు మునుపటి రోడ్డే.

తరువాత పెట్రోలు. ఆంధ్రాలో కంటే ఒడిశాలో ధర తక్కువ కాబట్టి సరిహద్దుకు ఇవతల ఉన్న బంకుల దగ్గర ఆంధ్రా నంబరు బండ్లు వరుస కట్టడం మాకు రోజూ కనిపించేదే. మైలేజీ పడగానే ఆ చవక పెట్రోలునే అనుమానించడం కూడా అంతే మామూలు. మాస్టారు రెండు వైపుల బంకుల్లోనూ పోయించి చూశారు, తేడా రాలేదు. ఇథనాల్ విషయానికి వస్తే, లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తిలో మూడింట రెండు వంతులు. కాబట్టి 20 శాతం కలిస్తే శుద్ధ పెట్రోలుతో పోల్చినప్పుడు శక్తి సుమారు 6 నుంచి 7 శాతం తగ్గుతుంది, అంతకుముందున్న 10 శాతం మిశ్రమంతో పోలిస్తే అందులో సగం. ఆ నష్టం నిజమే, దాన్ని లేదనడం వినియోగదారుడికి న్యాయం కాదు. కానీ 18లో 7 శాతం తీసేసినా 16.7 మిగలాలి. అంతకంటే ముఖ్యం, మాస్టారు బండి కొన్న నాటికే ఇక్కడి బంకుల్లో దొరుకుతున్నది ఆ మిశ్రమమే. మొదటి 18 కూడా దానిమీదే వచ్చింది. మారని వస్తువు మీద మార్పు నెపం వేయడం ఎలా కుదురుతుంది?

స్కానర్ పెట్టి చూశాము. లోపాన్ని చెప్పే కోడ్లు ఏమీ లేవు. వేడెక్కాక కూలెంట్ ఉష్ణోగ్రత 90 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది. వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఉంటే రోడ్డు మీద గాలి తగలగానే అది 70 దాకా జారేది. ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఇంధనాన్ని పెంచడానికో తగ్గించడానికో ఇంజిన్ కంప్యూటర్ చేసుకునే సర్దుబాటు, కొద్దిగా ప్లస్ వైపు ఉంది. బరువు లెక్కన శుద్ధ పెట్రోలు ఒక పాలు కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, 20 శాతం ఇథనాల్ ఉన్నదానికి 13.5 పాళ్లు చాలు. అంటే అదే గాలికి కొంచెం ఎక్కువ ఇంధనం పోయాలి. ట్రిమ్ ఆ మేరకు సర్దుకుని ఉంది తప్ప హద్దు దాటలేదు. నడిపిస్తూ చూస్తే ప్రతి గేరులోనూ ఇంజిన్ తిరుగుడుకూ బండి వేగానికీ నిష్పత్తి చెదరలేదు కాబట్టి క్లచ్చు జారడం లేదు. ఇంజిన్ తాను చేయవలసిన పని చక్కగా చేస్తోంది. అయితే జేకేపూర్ వైపు సమతలంగా ఉన్న రోడ్డు మీద, అదే గేరులో, అదే 60 కిలోమీటర్ల వేగంలో, బయలుదేరిన కొత్తలో ఉన్న ఇంజిన్ లోడు అరగంట నడిచి వచ్చాక స్పష్టంగా పెరిగింది. మామూలుగా గేరుబాక్సు ఆయిలూ టైర్లూ వేడెక్కేకొద్దీ ఆ అంకె కొంచెం తగ్గాలి. ఇక్కడ తిరగబడింది. ఇంజిన్‌కు పని పెంచుతున్నది ఏదో బండిలోనే ఉంది.

దాన్ని అంకెల్లో పట్టుకోవడానికి, వాహనాల రద్దీ లేని వేళ చూసి, అదే ముక్క రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి న్యూట్రల్‌లో వదిలేసి 20కి దిగడానికి ఎంతసేపు పడుతుందో చూశాము. ఇంజిన్ ఆపకూడదు, ఆపితే బ్రేకు బూస్టరూ పవర్ స్టీరింగూ పోతాయి. చల్లగా ఉన్నప్పుడు సుమారు 45 సెకన్లు దొర్లిన బండి, దూరం తిరిగి వచ్చాక 25 సెకన్లకే 20కి దిగిపోయింది. ఇంకేమీ వెతకనక్కరలేదు, బ్రేకు పట్టేస్తోంది.

బండి ఆపగానే చక్రాల దగ్గర ఉష్ణోగ్రత చూసే గన్ను పెట్టాము. మెరిసే డిస్కు మీద ఆ గన్ను తక్కువ చూపిస్తుంది కాబట్టి ప్యాడు రాసుకోని, తుప్పు రంగు తేలిన మధ్య భాగం మీద గురిపెట్టాలి. ముందు చక్రాలు రెండూ 200 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నాయి. వెనక డ్రమ్ములు 60 దాటలేదు. ఇది చాలా చెప్పే సంగతి. ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ పిన్ను బిగుసుకుపోయి ఉంటే ఒక చక్రమే కాలేది. హ్యాండ్‌బ్రేకు కేబుల్ ఎక్కువ బిగించి ఉంటే కాలవలసినవి వెనక చక్రాలు. ముందు రెండూ సమానంగా కాలాయంటే తప్పు ఆ రెంటికీ కలిసిన చోట, అంటే పెడలు నొక్కితే బ్రేకు ఆయిలును లైన్లలోకి తోసే మాస్టర్ సిలిండర్ దగ్గరో దానికంటే పైనో ఉండాలి. ఆ ఒత్తిడి వెనక చక్రాలకూ వెళుతుంది గాని, డ్రమ్ములో షూలను వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి. కొద్దిపాటి ఒత్తిడిని అవి నెగ్గగలవు. డిస్కు బ్రేకులో అలాంటి స్ప్రింగు లేదు, పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలే దాన్ని కాస్త వెనక్కి లాగాలి. అందుకే దెబ్బ ముందు చక్రాలకు తగిలింది.

వేడి తగ్గకముందే ముందు భాగాన్ని జాకీ మీద లేపాము. చక్రం చేత్తో తిప్పితే కదలడమే కష్టంగా ఉంది. ఎడమ కాలిపర్ మీద ఆయిలు వదలడానికి ఉండే నిపుల్‌కు ట్యూబు తొడిగి, కొస సీసాలో పెట్టి, నిపుల్‌ను పావు వంతు తిప్పగానే బ్రేకు ఆయిలు చిమ్మినట్టు వచ్చింది. ఆ మరుక్షణం చక్రం చేతికి తేలికగా తిరిగింది. పెడలు మీద ఎవరి కాలూ లేకుండానే లైన్లలో ఒత్తిడి నిలిచి ఉందన్నమాట. కుడి వైపు నిపుల్ ముట్టుకోకుండా, ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గరి పైపు నట్టు వదులు చేస్తే ఆ చక్రమూ వదిలేసింది. చక్రం దగ్గరి రబ్బరు హోసు లోపల మూసుకుపోయి ఉంటే పైన వదులు చేసినందువల్ల కింద ఒత్తిడి దిగేది కాదు. కాబట్టి హోసులూ మంచివే.

మిగిలింది పెడలు. డ్రైవరు సీటు వెనక్కి జరిపి, మ్యాటు తీసేసి, తల కిందికి పెట్టి, టార్చి వేసుకుని చూస్తే పెడలు కమ్మీ పైభాగాన, బ్రేకు లైటు స్విచ్చు కనిపించింది. ఆ స్విచ్చు ముందు చిన్న బుడిపె ఉంటుంది. పెడలు పైకి వచ్చి ఆ బుడిపెను నొక్కితే లైటు ఆరిపోతుంది, కాలు వేసి దింపితే వెలుగుతుంది. ఈ బండిలో బుడిపె పూర్తిగా లోపలికి దిగిపోయి, స్విచ్చు ఒళ్లే పెడలు కమ్మీని ఆనుకుని ముందుకు నెడుతోంది. దాని వైర్లకు, కోయకుండా పైనుంచి నొక్కి కలిపే నీలం క్లిప్పులు రెండు తగిలించి ఉన్నాయి. అవి కంపెనీ పెట్టినవి కావు. కుర్రాడిని వెనక నిలబెట్టి పెడలును మెల్లగా నొక్కిస్తే, మామూలు కంటే లోతుకు వెళ్లాకే లైటు వెలుగుతున్నట్టు తేలింది. స్విచ్చును తిప్పి బయటికి తీయగానే పెడలు టక్కుమని మరో రెండు మూడు మిల్లీమీటర్లు పైకి వచ్చింది.

ఆ రెండు మూడు మిల్లీమీటర్లే మొత్తం కథ. కాలు తీసేసినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ పూర్తిగా వెనక్కి వస్తేనే పైన ఉన్న ఆయిలు డబ్బాకూ కింది లైన్లకూ మధ్య సన్నని దారి తెరుచుకుంటుంది. పెడలు కొంచెం దిగే ఉంటే ఆ దారి మూసుకుపోయి, లైన్లలోని ఆయిలు అక్కడే చిక్కుకుంటుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆయిలు వేడెక్కి ఉబ్బుతుంది, ఉబ్బినది డబ్బాలోకి పోలేక ప్యాడ్లను డిస్కుకు అదిమిపెడుతుంది, ఆ రాపిడి మళ్లీ వేడిని పెంచుతుంది. చల్లారితే ఆయిలు కుంచించుకుని చక్రాలు వదిలేస్తాయి. ఊళ్లో నాలుగు వీధులు తిరిగి ఆపేసే బండిలో ఇది తయారయ్యేటంత సమయం ఉండదు. ఉదయం బండిని అప్పగించి, చల్లగా ఉన్నప్పుడు లిఫ్టు మీద చక్రాలు తిప్పి చూసిన సర్వీసు వారికి తప్పు కనపడకపోవడంలో వింత లేదు.

ఆ నీలం క్లిప్పుల సంగతి అడిగితే, బండికి ఏ పనీ చేయించలేదని మాస్టారు మొదట చెప్పిన మాటే మళ్లీ చెప్పారు. కాసేపటికి, ‘దసరాకు మజ్జిగౌరమ్మ గుడిలో పూజ చేయించే ముందు సీటు కవర్లూ మ్యాట్లూ వేయించాను, వెనక అద్దానికి బ్రేకు వేస్తే వెలిగే ఎల్ఈడీ పట్టీ కూడా పెట్టారు, అదీ లెక్కలోకి వస్తుందాండీ?’ అన్నారు. బిల్లు డాష్‌బోర్డు పెట్టెలోనే ఉంది. దాని మీది తేదీ, నోటుపుస్తకంలో అంకె పడిపోయిన రెండు ట్యాంకుల మధ్య సరిగ్గా పడింది. పట్టీకి కరెంటు తీసుకోవడానికి స్విచ్చును ఊడదీసి, తిరిగి పెట్టేటప్పుడు పెడలును పైకి లాగి పట్టుకోకుండా లోపలికి గుచ్చేశారు. మా దగ్గరికి వచ్చేవారిని ‘రిపేరు ఏమైనా చేయించారా’ అని అడిగితే లేదనే అంటారు. ‘సామాన్లు ఏమైనా వేయించారా’ అని విడిగా అడగాలి.

ఇంత చిన్న ఒరిపిడి అయిదు కిలోమీటర్లు తినేస్తుందా అని మాస్టారికే కాదు, మా కుర్రాడికీ సందేహం వచ్చింది. లీటరుకు 18 అంటే వంద కిలోమీటర్లకు 5.6 లీటర్లు, 13 అంటే 7.7 లీటర్లు. తేడా 2.1 లీటర్లు. ఇంజిన్ నష్టాలు పోను చక్రాల దగ్గరికి చేరే శక్తిగా దీన్ని మార్చి, 60 కిలోమీటర్ల వేగానికి సర్దితే సుమారు 3 కిలోవాట్లు వస్తుంది. అంటే వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు మూడు, రెండు ముందు చక్రాల్లో పెట్టుకుని తిరుగుతున్నట్టు. డిస్కులు 200 డిగ్రీలకు ఎందుకు చేరాయో, న్యూట్రల్‌లో దొర్లే సమయం సగానికి ఎందుకు తగ్గిందో ఈ అంకెతో సరిపోతుంది.

నిజానికి ఈ కేసులో పెట్రోలు నష్టం చిన్నది. డాట్ 4 రకం బ్రేకు ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, కానీ గాలిలోని తేమను పీల్చుకున్నాక ఆ కనీసం 155కి దిగుతుంది. డాట్ 3 అయితే 140కి. డిస్కులు ముందే 200 డిగ్రీల మీద ఉన్న బండి లక్ష్మీపూర్ ఘాటీలో దిగుతూ బ్రేకు వాడితే ఆయిలులో ఆవిరి బుడగలు పుట్టి, పెడలు నేలకు తగిలినా బ్రేకు పడని స్థితి వస్తుంది. మాస్టారు ఆ దారిలో దిగి వచ్చారు. దిగేటప్పుడు కాలిన వాసన వచ్చిందని, ముందున్న లారీదనుకున్నానని చెప్పారు.

అందుకని స్విచ్చు సరిచేసి ఊరుకోలేదు. కొత్త స్విచ్చు తెచ్చి, పెడలును చేత్తో పూర్తిగా పైకి లాగి పట్టుకుని దాన్ని లోపలికి తోసి, తిప్పి బిగించాము. పెడలుకు ఖాళీ ఆట తిరిగి వచ్చిందో లేదో, కాలు తీయగానే లైటు ఆరుతోందో లేదో చూశాము. నాలుగు చక్రాల నుంచీ పాత ఆయిలు తీసేసి కొత్తది పట్టించాము. ముందు నుంచి వచ్చినది రంగు మారి ఉంది. ప్యాడ్లు గాజులా మెరుపు తేలి ఉండటంతో మార్చేశాము. డిస్కులు వంకర పోలేదు, వాటిని ఉంచాము. కాలిపర్ సీళ్లూ దుమ్ము రబ్బర్లూ బాగున్నాయి. ఈ ఖర్చును కంపెనీ వారంటీలో అడగవచ్చా అని మాస్టారు అడిగారు. బయట వైరు తగిలించిన చోట పుట్టిన లోపాన్ని వారు ఒప్పుకోవడం కష్టమనే చెప్పాను.

టైర్లలో గాలి 33 ఉండవలసింది 26 ఉంది. దానివల్ల పోయేది ఒకటిన్నర శాతం చుట్టూ మాత్రమే, కానీ అది ఉచితంగా తిరిగి వచ్చేదే కాబట్టి నింపాము. అయితే బ్రేకు పనీ గాలి పనీ ఒకే రోజు చేస్తే దేనివల్ల ఎంత మెరుగైందో తెలియదు. అందుకే బ్రేకు సరిచేశాక, గాలి అలాగే ఉంచి ముందు రోడ్డు మీద చూశాము: అంతే దూరం తిరిగి వచ్చాక న్యూట్రల్‌లో దొర్లే సమయం 44 సెకన్లు, డిస్కులు 80 డిగ్రీల లోపు. ఆ తరువాతే గాలి నింపాము. పార్వతీపురం దారిలో తరువాతి నిండు ట్యాంకు 17.6 ఇచ్చింది. కోరాపుట్ వెళ్లివచ్చినది 16 దగ్గర ఆగింది, ఆ ఎత్తుకు అది సరైన అంకె.

ఎల్ఈడీ పట్టీ తీసేయమంటే ఇంట్లో పిల్లలు ఒప్పుకోరన్నారు. బ్రేకు స్విచ్చు జోలికి పోకుండా, డిక్కీ వైపు వెనక లైటు దగ్గరి వైరు నుంచి చిన్న రిలేకు (సంకేతం అందితే వేరే లైనును కలిపే స్విచ్చు) సంకేతం తీసుకుని, పట్టీకి కావలసిన కరెంటును ఫ్యూజు ఉన్న వేరే లైను నుంచి ఇచ్చాము. కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా గట్టి బ్రేకులు వేయవద్దని, కోరాపుట్ నుంచి వచ్చిన ప్రతిసారీ చక్రం దగ్గర చేయి దూరంగా పెట్టి నాలుగింటి వేడినీ పోల్చుకోమని చెప్పి బండి అప్పగించాము. ఆయన నోటుపుస్తకంలో ఇప్పుడు వేయించిన సామాన్లకు ఒక వరుస కొత్తగా గీసుకున్నారు.